పొడుం డబ్బీ మీద వ్యాసం

మా కాలేజీలో నాతోపాటు మనస్తత్వశాస్త్రం చెప్పే పెద్ద లెక్చరరుగారు, నేను వారపత్రికకు రాసే వ్యాసాలను "రైల్లో చదువుకునే చెత్త" అని నా విద్యార్థుల ముందే తీసిపారేశారు.

ఈ సాయంత్రం తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వస్తూ రైల్లో ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. భీమడోలులో ఎక్కిన చేపల వర్తకుడొకాయన పత్రిక విప్పి, అలవాటు ప్రకారం పెట్టెలో అందరికీ వినపడేలా చదివాడు. అది నా వ్యాసమే.

"చిన్నవాడు పైకొస్తాడని భయపడే పెద్దమనిషి మాటిమాటికీ పొడుం డబ్బీ తీస్తాడు."

అందరి చూపులూ లెక్చరరుగారి చేతిలోని డబ్బీ మీద వాలాయి.

"ఏవండీ, ఇది రాసినాయన మిమ్మల్నెక్కడో చూసుంటారండీ!" అన్నాడు వర్తకుడు.

ఏలూరు దాకా ఆయన డబ్బీ ముట్టుకోలేదు. నా కసి సగమే తీరింది.

పాఠకులారా, మీ పైవారికి ఏ అలవాటుందో నాకు రాయండి. శాస్త్రం సంగతి నేను చూసుకుంటాను.