జలపాతాన్ని ఎండబెట్టిన సుంకన్న

ప్రపంచమంతా వెళ్ళి నోరు తెరుచుకుని చూసే విక్టోరియా జలపాతాన్ని ఒక్క పూటలో ఎండబెట్టినవాడు మా ఊరి సుంకన్న. నమ్మనివాళ్ళు విడపనకల్లులో బస్సు దిగి ఎవరినైనా అడగండి. అతని దగ్గర ఫొటో కూడా ఉంది.

సుంకన్నది బోరు బండి మీద పని. రాడ్డు మీద రాడ్డు బిగించడం, దుమ్ము మింగడం. ఇరవై ఏళ్ళుగా అదే. అతను రాడ్డు పట్టిన బోర్లలో నీళ్ళు పడ్డవి లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు. మా నేల ఎలాంటిదో అందరికీ తెలుసు గానీ, నేలను తిడితే ఏం సరదా? మనిషిని తిట్టాలి. అందుకని తప్పంతా అతని కాలిదేనని ఊరు తేల్చేసింది. తొంభై తొమ్మిదిలో సొంత అక్క కదిరమ్మ వేయించిన బోరులో మూడు వందల అడుగులకు తెల్లపొడి తప్ప ఏమీ రాలేదు. "ఇంగ నా చేను తొక్కొద్దురా సుంకా" అంది ఆమె. ఈ మొద్దు నిజంగానే తొక్కలేదు. నాలుగేళ్ళు గట్టు అవతలి నుంచే అక్కను పలకరించాడు.

రెండువేల మూడులో బళ్ళారి ఓనరు ఒకడు తన బండిని ఆఫ్రికాలోని జాంబియాకు తీసుకుపోతూ, దాంతోపాటు సుంకన్ననూ తీసుకుపోయాడు. కలోమో అనే ఊరి చుట్టూ పదకొండు బోర్లు వేస్తే తొమ్మిదింట్లో నీళ్ళు పడ్డాయట. పడ్డాయనే అనుకుందాం. ఎవరు చూడొచ్చారు? ఆ సంగతి సుంకన్నకూ తెలుసు. సంక్రాంతి దాటాక అక్క రెండో బోరు వేయిస్తోంది. ఈసారైనా ఆమె చేనులో నిలబడి తన చేత్తో రాడ్డు పట్టాలి. దానికి సాక్ష్యం కావాలి. అక్కడికి దగ్గర్లోనే ఆ పెద్ద జలపాతం ఉందని విన్నాడు. దాని ముందు నిలబడి ఫొటో దిగితే, అంత నీటి పక్కన నిలబడ్డ కాలిని ఎవరు తప్పు పడతారు? ఇదీ అతని తెలివి.

అక్టోబరులో ఒక ఆదివారం బస్సెక్కి లివింగ్‌స్టన్ చేరాడు. జలపాతం చూడాలంటే ముందు ఆ ఊళ్ళోనే దిగాలి. దేశదేశాల దొరలు అక్కడికి వస్తారు. ఊరెలా ఉందని అడిగితే, "గుంతకల్లు మాదిరే ఉండాది. రైలుంది, రేకులిండ్లున్యాయి, ఎండుండాది" అన్నాడు. సముద్రం దాటి గుంతకల్లు చూసొచ్చినవాడు భూమ్మీద ఇతనొక్కడే. ఊదారంగు పూల చెట్లు ఊరంతా విరగబూసి ఉంటే వాటిని ఆవులు తింటాయా అని అడిగాడట. జలపాతం గేటు దగ్గర కొండముచ్చంత కోతి ఒకటి వచ్చి చిత్రాన్నం పొట్లం లాక్కుపోయింది. చూస్తూ నిలబడ్డాడు.

తీరా లోయ అంచుకు పోతే ఎదురుగా నల్లటి బండ. తాడిచెట్లకు మించిన ఎత్తు, చుక్క నీళ్ళు లేవు. నేనైతే అక్కడే సిగ్గుతో కూలబడేవాణ్ణి. సుంకన్న చొక్కా గుండీ పెట్టుకుని, అప్పటికప్పుడు ఫొటో చేతికిచ్చే కెమెరావాణ్ణి పిలిచి, బండ ముందు నిటారుగా నిలబడి ఫొటో దిగాడు.

జనవరిలో తిరిగొచ్చేసరికి కదిరమ్మ చేనులో బోరు బండి నిలబడి ఉంది. సుంకన్న గట్టు మీది నుంచి ఫొటో అందించాడు. టీ హోటలు లింగప్ప దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏమప్పా సుంకన్నా, నీళ్ళు యాడున్యాయి?"

"ఎనక."

"ఎనక బండుండాది కదా."

"దానికి అవతల."

"ఎన్ని ఇంచులు పడతాండాది?" అన్నాడు లింగప్ప, బోరు నీళ్ళు కొలిచినట్టు.

చేనంతా నవ్వింది. నవ్వనిది కదిరమ్మ ఒక్కతే. కొంగుతో ఫొటో తుడిచి చూసి వెనక్కి ఇచ్చేసింది.

"అంత పెద్ద గంగమ్మే నిన్ను జూసి మొగం తిప్పుకునింటే, నాకు పడే రెండించులు ఏపాటిరా సుంకా? ఆడే ఉండు. దిగొద్దు."

దిగలేదు. టెంకాయ కొట్టారు. నాలుగు వందల ఇరవై అడుగుల దాకా పొడి, పొడి మీద పొడి. సుంకన్న గట్టు మీదే ఉన్నాడు, చెయ్యి కూడా చాచలేదు. అంత దూరం నుంచి ఎండబెట్టాడంటే మామూలు కాలు కాదు మరి!

ఈ కథ లింగప్ప హోటల్లో నేను చెప్పని వారం లేదు. చెప్పిన ప్రతిసారీ బండ ఎత్తు కాస్త పెరుగుతుంది. సుంకన్న బెంచీ చివర కూర్చుని వింటూ టీ తాగుతాడు. ఒక్కసారి మాత్రం గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"ఎండలేదప్పా. అక్టోబరులో ఈ పక్కకు నీళ్ళు రావంట. అవతల జింబాబ్వే పక్క పడతానే ఉన్యాయి, సద్దు ఇనపడతా ఉండె. బ్రిడ్జి దాటల్లంటే పాస్‌పోర్టు సూపియ్యల్ల. అది ఓనరు పెట్టెలో ఉన్యాది."