మూడు పొట్టేళ్ళు, ఒక రాజా

మా ముందు పోర్షన్‌లో అద్దెకున్న రాజస్థాన్ కుటుంబం పోయిన నెల ఖాళీ చేసి సొంతూరు వెళ్ళిపోయింది. వల్లూరు సోలార్ ప్లాంటులో ఇంజనీరుగా చేసే ఆ ఇంటాయనకు అక్కడికి బదిలీ అయింది. సామానంతా లారీలో పట్టింది, వాళ్ళమ్మాయి పింకీ పెంచుకున్న పొట్టేలు రాజా తప్ప. దాన్ని నాకు అప్పజెప్పి వెళ్ళారు. నాకు పుస్తకాలు తప్ప ఇంకేదీ చూసుకోవడం రాదు. గొర్రెలు మేపే మా మామ మందలో వదిలాను.

ఈ రోజు మామ పొట్టేళ్ళను అమ్ముతున్నాడని తెలిసి, రాజాను ఆపమని పరుగెత్తాను. మొన్ననే అన్నిటికీ బొచ్చు కత్తిరించి, వీపు మీద ఎర్ర రంగు పూశారట. రాజా ఏదో మామకూ తెలియలేదు. పింకీకి వీడియో కాల్ చేసి, ఎదురుగా ఉన్నదాన్ని చూపించాను. ఇక్కడి బడిలో చదివిన పిల్ల కదా, తెలుగు ఇంకా మరిచిపోలేదు.

“అది కాదక్కా. మా రాజా నవ్వుతాడు.”

“పొట్టేలు నవ్వేది యాడన్నా చూసినావా పాపా?” అన్నాడు మామ.

“బిస్కెట్ పెట్టండి అంకుల్, నవ్వుతాడు.”

బిస్కెట్ చూపిస్తే మూడు వచ్చాయి. మూడింటి ముఖాల్లోనూ నాకు నవ్వే కనిపించింది. పింకీ కూడా తేల్చుకోలేక ఏడుపు మొదలెట్టింది. బేరగాడు బండి దగ్గర కేకలేస్తున్నాడు.

“ఈ మూడూ ఇయ్యనప్పా, మిగిలినవి తీస్కపో,” అన్నాడు మామ.

ఇప్పుడు మూడూ ఆ ఖాళీ పోర్షన్ ముందు కట్టేసి ఉన్నాయి. రాజా అంటే మూడూ తలెత్తుతున్నాయి. గొర్రె నవ్వును గుర్తుపట్టగలవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? బండెక్కినవాటిలో రాజా లేడనే అనుకుంటున్నాను. పింకీకీ అదే చెప్పాను.