చైనా ఫ్రేమూ, ఎండబోసిన మిరపకాయలూ

మూడేళ్ల కిందటి మాట. అప్పుడు నేను పిడుగురాళ్లలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. కొండదారుల్లో తొక్కాలని, ముందూ వెనకా షాక్ అబ్జార్బర్లు పెట్టుకునే కార్బన్ ఫైబర్ సైకిల్ ఫ్రేమ్ ఒకటి చైనా నుంచి చవగ్గా తెప్పించుకున్నాను. అది వచ్చేలోగా ఇంటర్నెట్‌లో చదవకూడనివన్నీ చదివాను. చవక ఫ్రేములు ఉన్నట్టుండి విరుగుతాయట! సైకిల్ బిగించాక కూడా రోజూ టార్చి వేసి పగుళ్లు వెతికేవాణ్ణి.

"దాన్ని తొక్కుతారా, పూజ చేస్తారా?" అని మా ఆవిడ విసుక్కునేది.

చివరికి ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. పాత క్వారీ పక్కన పల్లం దిగుతుంటే సైకిల్ వేగం అందుకుంది. అంతలో కాళ్ల మధ్య ఠక్కున చప్పుడైంది. ఫ్రేమ్ విరిగిందనుకుని వెనకాముందూ చూడకుండా పక్కకు దూకేశాను. పడింది దారి పక్కనున్న కళ్లంలో ఎండబోసిన మిరపకాయల మీద! కళ్లూ ముక్కూ భగ్గుమన్నాయి. అక్కడ రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతున్న పెద్దావిడ పరుగున వచ్చి నా ముఖాన బిందెడు నీళ్లు కుమ్మరించింది.

"సైకిలు నిక్షేపంలా ఉందిగా, ఎందుకు దూకావయ్యా?" అంది.

కళ్లు తెరిచి చూస్తే నిజమే. నా స్టీలు నీళ్ల సీసా ఊడి ఫ్రేముకు కొట్టుకుందంతే.

"ఏదో చప్పుడైందమ్మా" అన్నాను సిగ్గుతో.

"చప్పుడుకే దూకితే ఎట్టా? రా, చెదిరిన కాయలు ఎత్తు."

మధ్యాహ్నందాకా ఎత్తాను. చేతులు మండుతున్నా, ఆ ఫ్రేమ్ కొన్నాక మొదటిసారి నా మనసు నెమ్మదించింది. ఆ సైకిల్ ఇప్పటికీ తొక్కుతున్నాను. చప్పుడైతే ఆగి చూస్తాను. దూకడం మాత్రం మానేశాను.