కుంకుడు రసంలో బంగారు వాచీ

నోరు మూసుకుని కూర్చునే ఆడదాన్ని కాను నేను. మా వాడకట్టులో ఎవరినైనా అడగండి, చెబుతారు. అలాంటిదాన్ని ఆ రోజు కరీంనగర్‌లో అసలు మాట మింగేసి బొమ్మలా కూర్చున్నాను.

మా ఆయన గల్ఫ్‌లో ఒక షేక్ దగ్గర పద్దెనిమిదేళ్ళు కారు నడిపాడు. ఆ ముసలాయన చనిపోయే ముందు తన బంగారు వాచీ తీసి ఈయన చేతిలో పెట్టాడు. పెద్ద కంపెనీది, స్విట్జర్లాండ్‌లో చేసింది. మెట్‌పల్లిలో మా బీరువాలో, పట్టుచీర మడతల్లో ఏళ్ళ తరబడి దాచాను. కిందటేడు బంగారం ధర ఎగబాకడం మొదలయ్యాక పొద్దున లేస్తే మా ఇంట్లో అదే ముచ్చట. ఇంతలో ఆయనకు మళ్ళీ వీసా వచ్చింది, వచ్చే ఆదివారమే విమానం. వాచీకి మంచి ధర వస్తే పాత లారీ కొనుక్కుని, పసుపు బస్తాలు తోలుకుంటూ ఇక్కడే ఉంటానన్నాడు. రాకపోతే మరో రెండేళ్ళు అక్కడే.

కరీంనగర్‌లో పాత వాచీలు కొనే సేటుకు ఫోటోలు పంపాం. ఫోన్‌లో ఆయన వివరంగానే చెప్పాడు. "గిది పద్దెనిమిది క్యారెట్ల బంగారమన్నా. గా బంగారం ధర ఎట్లయినా వస్తది. మిషన్ మంచిగ నడిస్తే దాని మీద ఇంక శాన వస్తది. బంగారం పిరమైందని కంపెనోళ్ళు కొత్త వాచీల రేటు పెంచిండ్రు, గందుకే పాతయి గూడ పెరిగినయ్." ఆయన చెప్పిన మొత్తం లారీకి సరిపోతుంది.

ఇక నా ఘనకార్యం వినండి. మా దగ్గర ఏ బంగారమైనా దుకాణానికి తీసుకుపోయే ముందు కుంకుడు రసంలో నానబెట్టి, బ్రష్‌తో తోముతాం. మకిలి ఉంటే తరుగు తీస్తారని భయం. శుక్రవారం పొద్దున, కరీంనగర్ బయల్దేరే ముందు, మా ఆయన స్నానానికి పోగానే వాచీని కూడా గిన్నెలో వేశాను. తళతళలాడింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బస్సు జగిత్యాల దాటాక చేతిసంచి తెరిచి చూస్తే, అద్దం లోపలంతా ఆవిరి. ముల్లు ఆగిపోయి ఉంది. పక్క సీట్లో మా ఆయన లారీ అమ్మే మనిషితో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "సాయంత్రం అడ్వాన్స్ తెస్తనన్నా, ఎవ్వలకు ఇయ్యకు." చెప్పెయ్యవే, చెప్పెయ్యి అని మనసు పోరుతూనే ఉంది. నేను మాత్రం కొంగుతో అద్దం తుడిచాను. ఆవిరి బయట ఉంటే కదా పోవడానికి!

సేటు వెనక మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీంట్ల నీళ్ళు పోయినయన్నా. డయల్ గూడ ఉబ్బింది. గిప్పుడైతే తూకం లెక్కనే తీసుకుంట."

మా ఆయన లేచి నిలబడ్డాడు. "నీళ్ళేంది సేటూ? నిన్న నడిచింది! రేటు కొయ్యాల్నని నాటకాలాడుతున్నవా?"

"నేనెందుకు ఆడుత? అక్కనే అడుగు. ఏడనన్న తడిసిందా అక్కా?"

ఇద్దరూ నా వైపు చూశారు.

"లే, తడువలే" అన్నాను.

ఇంకో దుకాణంలో అంతకంటే తక్కువ చెప్పారు. అందరూ కూడబలుక్కున్నారని మా ఆయన మండిపడి, చివరికి సేటుకే తూకానికి అమ్మాడు. బంగారం ఎంత పెరిగి ఏం లాభం, మిషన్ తీసేశాక మిగిలిన బరువుకు సగం లారీ కూడా రాలేదు. సేటును దారి పొడుగునా తిట్టాడు. ఆదివారం వెళ్ళిపోయాడు.

ఇప్పుడు బంగారం ఇంకా పెరిగింది. పెరిగినప్పుడల్లా అక్కడి నుంచి ఫోన్ చేస్తాడు. "చూసినవానే, గా సేటు మనల్ని నిండ ముంచిండు." నేను ఊ కొడతాను. మొన్న మాత్రం, ఎండకు కళ్ళు తిరిగి పడిపోయి రెండు రోజులు పనికి పోలేదని చెప్పాడు. మళ్ళీ తనే, "నువ్వైతే పాణం లెక్క దాసినవ్. నీ తప్పేం లేదు, ఫికర్ వెట్టుకోకు" అన్నాడు.

ఏడ్చాను. తను దూరంగా ఉన్నందుకే ఏడుస్తున్నాననుకుని, పాపం, ఇంకాసేపు ఓదార్చాడు.