గీకని సీసపు గుండు

మా అబ్సలొం పెదనాన్న సముద్రం అడుగును నాలుకతో కనిపెట్టేవాడు. నవ్వితే నవ్వండి, నాకేం? బెల్ ఐల్ జలసంధి పక్కన, మా లాబ్రడార్ ఒడ్డున పుట్టినవాళ్ళెవరూ నవ్వరు.

లోతు కొలిచే తాడు చివర సీసపు గుండు ఉంటుంది. దాని అడుగున ఉన్న గుంటలో పశువుల కొవ్వు కూరి నీళ్ళలోకి వదిలితే, కింద ఏముందో అది కొవ్వుకు అంటుకుని పైకొస్తుంది. అందరూ కళ్ళతో చూసేవారు. ఆయన మాత్రం వేలితో తీసి నోట్లో వేసుకునేవాడు. "గవ్వల పొడి. ఇక్కడ కాడ్ చేప ఉంటుంది, గాలాలు వెయ్యండి" అనేవాడు. గులకరాయి వస్తే, "ఇది మన ఊరి రాయి కాదే. ఎప్పుడో మంచు ఎక్కడినుంచో ఈడ్చుకొచ్చి పారేసి పోయింది. పాపం, మనలాగే ఇక్కడే ఉండిపోయింది" అనేవాడు. ఆయనకు అన్నిటికన్నా ఇష్టం నీలి బంకమన్ను. ఆ మంచు కిందే నలిగి మెత్తబడిన మన్ను అది.

"మీ పెద్దమ్మ పుడ్డింగు కంటే నయం" అనేవాడు చప్పరిస్తూ.

పెద్దమ్మ ఊరుకునేదా? "అయితే రేపట్నుంచి పళ్ళెంలో అదే పెడతా, మింగు!"

నాకు పదహారేళ్ళప్పుడు నాన్న పోయాడు. ఆడపిల్లలు ఒడ్డున చేపలు ఎండబెట్టుకోవాలి గాని పడవెక్కకూడదన్నది ఊరి మాట. పెదనాన్న వినలేదు. "మా డోర్కస్ చేతులు తాడు పట్టడానికే పుట్టాయి" అంటూ నన్ను ఎక్కించాడు. పడవ నడిపేది ఆయన కొడుకు గార్లండ్ అన్న. మూతి ముడుచుకుని షరతు పెట్టాడు.

"సరే. కానీ తప్పు చేసినవాళ్ళు ఎవరైనా సరే, మర్నాటినుంచి ఒడ్డునే. నాన్నా, నీకూ ఇదే మాట."

పెదనాన్న చూపు మందగిస్తోందని అప్పటికే ఊరంతా గుసగుసలు. ఆ పడవ లేకపోతే ఆయనకు లోకమే లేదని నాకు తెలుసు.

గుండు బాధ్యత నాది. సాయంత్రం పాత కొవ్వు గీకేసి కొత్తది కూరాలి. ఆగస్టులో ఒకరోజు చిత్తడిలో పండిన బేకాపుల్ పళ్ళు ఏరుకోవడానికి పరిగెత్తే తొందరలో, పొద్దున చూద్దాంలే అనుకున్నాను. పొద్దున మరిచిపోయాను.

ఆ పొద్దునే, రేవు దాటగానే పొగమంచు కమ్మేసింది. ముక్కు ముందు చెయ్యి కనబడదు. వెనక్కి తిరిగాం. గుండు వేశాను. పదహారు బారల లోతు. పైకి లాగితే నీలి మన్ను.

"బంకమన్నే. రేవు ముందరి గుంటలోనే ఉన్నాం, పోదాం" అన్నాడు గార్లండ్ అన్న.

పెదనాన్న నోట్లో వేసుకుని తుపుక్కున ఉమ్మేశాడు. "ఆపరా ఇంజను! పైన తడి, లోపల పొడి. ఇది నిన్నటి మన్నురా! ఇవాళ దీనికి ఏమీ అంటలేదు. అంటలేదంటే మన కింద ఉన్నది వట్టి బండ, రేవుకు ఎడమ పక్కన ఉండేది. కుడికి తిప్పు!"

అన్న తిప్పాడు. ఎడమవైపు, పట్టుమని పది బారలైనా లేని దూరంలో, అలలు రాళ్ళమీద పగులుతున్న చప్పుడు వినబడింది.

ఒడ్డుకు చేరాక అన్న గుండు ఎత్తి పట్టుకుని అరిచాడు. "గీకనిది ఎవరు?"



"నేనేరా" అన్నాడు పెదనాన్న. "నేను గీకుతాలే, నువ్వెళ్ళమ్మా అని దాన్ని నేనే పంపించా. గీకాననే అనుకున్నా. కళ్ళు... ఆనడం లేదురా."

నేను నోరు విప్పలేదు. ఎన్ని సాకులు చెప్పుకున్నా అది నా పిరికితనమే. మర్నాడు పడవలో ఆయన చోటు ఖాళీ. రేవులో నిలబడి మాకు చెయ్యి ఊపాడు, మేము లేని వైపుకి.

ఆ సాయంత్రం గుండు గీకకుండా తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాను. "పెదనాన్నా, నేను..."

"నోరు ముయ్యి, రుచి చూడనీ." కళ్ళు మూసుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. "గవ్వల పొడి. ఉత్తరపు తిన్నె. చేప పడిందా?"

"పడింది."

"మరి ఏడుస్తావేంటే, పిచ్చిమొహమా?"

ఆ తర్వాత పదకొండేళ్ళు, ఆయన పోయేదాకా, ఒక్క సాయంత్రం కూడా ఆయనకు ఇవ్వకుండా గుండు గీకలేదు.