కిందపడిన ప్లగ్గూ మా మేస్త్రి గారూ

మా మేస్త్రి గారు పోయారని ఫోన్ వచ్చేసరికి నా ముందు ట్రేలో ఎనిమిది స్పార్క్ ప్లగ్గులున్నాయి. అయిదు శుభ్రం చేశాను, మూడు మిగిలాయి. ఫోన్ చేసింది ఆయన భార్య. "టిఫినీ తినీసి వీధిలో కుర్చీ ఏసుకుని కూకున్నారమ్మా. టీ అట్టుకెల్లేసరికి ఇంకేటీ లేదు," అంది. నేను వెంటనే లేచి పరుగెత్తాల్సింది. లేవలేదు. మిగిలిన మూడూ ముగించి, ఎనిమిదీ ఇంజన్‌కి బిగించి, ఇంజనీరు చూసి సంతకం పెట్టాకే శ్రీకాకుళం బస్సెక్కాను. ట్రేని సగంలో వదిలి వెళ్లిన మనిషి తిరిగొచ్చాక ఏది అయిందో ఏది కాలేదో తేల్చుకోలేడని నేర్పింది ఆయనే. చావు కబురు విని పని ముగించుకుని వచ్చిందట అని నన్ను ఎవరైనా అనుకోవచ్చు. ఆయన మాత్రం అనుకోరు.

మా ఎయిర్‌స్ట్రిప్ చిన్నది. పైలట్ కావాలనుకునే పిల్లలు అక్కడ చిన్న విమానాల మీద నేర్చుకుంటారు. ఒక్కో ఇంజన్‌కి నాలుగు సిలిండర్లు, సిలిండర్‌కి రెండు ప్లగ్గులు. ఆ విమానాలు తాగే పెట్రోల్లో సీసం ఉంటుంది. అది కాలి, ప్లగ్గు మొనల దగ్గర ఆవగింజల్లా గట్టిపడి కూర్చుంటుంది. దాన్ని గీకి తీయాలి, గాలి గొట్టంతో సన్నని ఇసుక కొట్టి మెరిపించాలి, మొనల మధ్య సందు కొలవాలి, కొత్త రాగి వాషర్ వేసి బిగించాలి. కింది ప్లగ్గు పైకి, పై ప్లగ్గు కిందికి మార్చాలి. విమానం పని అంటే ఏదో అనుకుని బొబ్బిలిలో ఐటీఐ చదివి వచ్చిన నాకు, మొదటి ఆర్నెల్లూ ఈ గీకుడే.

"పళ్లు తోమడానికా నన్ను తెచ్చుకున్నారు?" అని ఓ రోజు గొణిగాను.

"అవునే పిల్లా. తోమకపోతే ఏటవుతాదో పైనున్నోడిని అడుగు," అన్నారు తలెత్తకుండా.

ఇసుక కొట్టేది కొన్ని క్షణాలే. ఎక్కువైతే ప్లగ్గే అరిగిపోతుంది. ఆయన గడియారం చూసేవారు కాదు. వాళ్లమ్మది ఇచ్ఛాపురం అవతలి ఊరు. ఆమె నేర్పిన ఒడియా లెక్కలో "ఏకొ, దుయి, తిని, చారి, పాంచొ" అని పాంచొ దగ్గర ఆపేసేవారు. నాకు ఒడియా ఈ అయిదు మాటలే వచ్చు. వాడేసిన రాగి వాషర్లు ఇంటికి పట్టుకెళ్లి, పురికొసకి గుచ్చి వాళ్ల వరిచేలో పిట్టల్ని బెదరగొట్టడానికి కట్టేవారు. పిట్టలు బెదిరాయో లేదో గానీ ఆ గలగల విని పక్క చేనువాళ్లు మాత్రం విసుక్కునేవారట.

ఇంకో అలవాటుంది. విమానం లేస్తుంటే మేమంతా పనొదిలేసి పైకి చూస్తాం, ఎన్నేళ్లయినా ఆ సరదా పోదు. ఆయన రన్‌వేకి వీపు పెట్టి కూర్చుని క్యారేజీ విప్పేవారు. "సూడరేటి మేస్త్రి గారూ?" అంటే, "నాను సూడాల్సింది కిందనే సూసీసినాను," అనేవారు.

ఆయన షెడ్డులో ఒక నియమం ఉండేది. ప్లగ్గు చేతిలోంచి జారి నేల మీద పడిందా, ఇక దాని పని అయిపోయినట్టే. లోపల పింగాణీ ఉంటుంది. పైకి గీత కూడా కనబడకపోవచ్చు, బల్ల మీద పరీక్షిస్తే నిప్పురవ్వ చక్కగా రావచ్చు, పైకెళ్లి వేడెక్కాక మోసం చేయవచ్చు. అందుకని ఎవరి చేతిలోంచి పడిందో వాళ్లే దాన్ని సుత్తితో పగలగొట్టాలి. ఇంకెవరికీ దాన్ని మళ్లీ వాడుకునే ఆశ పుట్టకుండా.

నేను చేరిన రెండో ఏడు. ఒక పిల్లాడు మొదటిసారి ఒంటరిగా ఎగరబోతున్నాడు. వాళ్ల అమ్మానాన్నా చూడ్డానికి వచ్చి షెడ్డు నీడలో నిలబడ్డారు. ఇంజనీరు తొందరపెడుతున్నాడు. చివరి ప్లగ్గు నా వేళ్లలోంచి జారి సిమెంటు మీద టంగుమంది. ఎవరూ చూడలేదు. కొత్తది స్టోర్లోంచి రావాలంటే కాగితాలు, ఆలస్యం, తిట్లు. తీసి తుడిచాను, పరీక్షించాను, రవ్వ వచ్చింది. బిగించేశాను. సిలిండర్‌కి రెండోది ఉందిగా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

విమానం లేచింది. మేస్త్రి గారు ఎప్పటిలా అటు వీపు పెట్టి క్యారేజీ విప్పుతున్నారు. ఆ వీపు చూసి ఉండబట్టలేకపోయాను.

"మేస్త్రి గారూ, ఒక ప్లగ్గు పడిపోనాది. అదే ఎట్టీసినాను."

ఆయన మూత పెట్టేశారు. చెయ్యి కూడా కడుక్కోకుండా రేడియో గదికి వెళ్లి, "ఆ పిల్లోడిని ఉన్నపళంగా దింపీమనండి," అన్నారు. తర్వాత బయటికొచ్చి నా పక్కన నిలబడి, నేను చూడగా మొదటిసారి, పైకి చూశారు. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. విమానం మలుపు తిరిగింది, కిందికి దిగింది, చక్రాలు నేలని తాకాయి. ఆ పిల్లాడి తల్లి చప్పట్లు కొట్టింది. ఆవిడకేం తెలుసు. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను.

ఇంజన్ చల్లారాక ఆ ప్లగ్గు తీయించి సుత్తి నా చేతికిచ్చారు. రెండు దెబ్బలకి పగిలింది. లోపల పింగాణీ తెల్లగా ఉంది, విరిగిన చోట తప్ప ఎక్కడా గీత లేదు.

"బాగానే ఉన్నాది కదా," అన్నాను, ఆశగా.

"ఉన్నాది. అది నీ అదృష్టం. అదృష్టాన్ని ఇంజన్లో ఎట్టకూడదే పిల్లా." ముక్కలు ఊడ్చి డబ్బాలో వేసి, "పడీడం ఎవరి సేతిలోనైనా అవుతాది. సెప్పీసినావు. పద, తిందాం," అన్నారు. నా ఉద్యోగం ఆ రోజు పోవాల్సింది. జరిగింది జరిగినట్టే ఆయన రిజిస్టర్‌లో రాయించి, నేనే నోరు విప్పానని ఇంజనీరు ముందు నిలబడి చెప్పి, నా ఉద్యోగం నిలబెట్టారు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

రిటైరయ్యాక కూడా ఆయన అప్పుడప్పుడు వచ్చి బల్ల దగ్గర కూర్చునేవారు. మొన్న వేసవిలో నేను అటు తిరిగి గేజీలు సర్దుతుంటే వెనక టంగుమంది. నాకు తెలియని చప్పుడా? తిరగలేదు. పెద్దాయన, పరువు ఉంటుంది కదా అనుకున్నాను.

"ఏటే, సెవుడేటి నీకు? పడిపోనాది. సుత్తి అట్రా," అన్నారు.

పగలగొట్టారు. మూడు దెబ్బలు పట్టింది. చేతులు కడుక్కుని, గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుని, "ఇంక సాలు. నా సేతులు సెప్పీసినాయి," అన్నారు. ఆయన మొహంలో దిగులు లేదు. బరువు దించుకున్న మనిషిలా నవ్వుతూ బస్సెక్కారు. మళ్లీ ఆ బల్ల దగ్గరికి రాలేదు.

ఆయన మంచాన పడలేదు, ఎవరి చేతా సేవలు చేయించుకోలేదు, దేన్నీ దాచుకోలేదు. అందుకే నాకు దుఃఖం కంటే ముందు నెమ్మది కలిగింది. ఆ మాట పైకి అనడానికి భయపడుతూ వాళ్లింటికి వెళ్తే, ఆయన భార్యే అంది: "సుకంగా ఎల్లిపోనారమ్మా." మా వైపు ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. చుట్టాలు ఏదో అనబోతే ఆవిడ అడ్డుకుని, "దాన్ని ఎల్లనీండి. ఆయన పని సేస్తన్నది అదే," అని నన్ను పంపింది.

నాగావళి ఒడ్డున నిప్పు పెట్టే ముందు దూరం నుంచి ఇంజన్ చప్పుడు వినిపించింది. మా విమానమే. పొద్దున నేను ఎనిమిది ప్లగ్గులూ బిగించి వచ్చిందే. నది మీదుగా వస్తోంది. బంధువులు, మోసినవాళ్లు, కట్టెలు పేర్చేవాళ్లు అందరూ తలలెత్తి పైకి చూశారు.

నేను తలెత్తలేదు. ఆయన్నే చూస్తూ నిలబడ్డాను.