వణికిన బ్రేకు

మా కారు బ్రేకు చెడిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా తోడికోడలు. శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో కూలబడింది. "బ్రేకు పట్టినట్టే పట్టి వొదిలీసినాది సెల్లీ. ముందున్న ఆటోని గుద్దీసేవోళ్లమే. మీ బావకేమో నవ్వులాటగా ఉన్నాది" అంది.

ఆమె భర్త, అంటే మా ఆయనకు అన్నయ్య, రెండు కిడ్నీలూ పాడైన మనిషి. వారానికి రెండుసార్లు కళింగపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్లి డయాలిసిస్ చేయించుకోవాలి. ఒక్క తడవ తప్పినా ఒంట్లో నీరు నిలిచి ఊపిరాడదు. ఆయన కోసమే మా ఆయన ఆ పాత కారు కొన్నారు. అది దేవుడిచ్చిన కారని నేను రోజూ స్తోత్రం చెప్పుకునేదాన్ని.

తర్వాతి ప్రయాణంలో నేనూ వెళ్లాను. కారు ఆగబోతుండగా బ్రేకు పెడలు గడగడలాడింది, బండి ఆగకుండా ముందుకు పోయింది. మా ఆయన భయపడి కాలు తీసేశారు.

"కాలు తియ్యకురా. ఒణికితే ఒణకనీ, నొక్కు" అన్నారు ముందు సీట్లోంచి బావగారు.

"నీకేటి, కూకుని సెప్తావు. నాకు సెమటలు పట్టీసినాయి."

"ఒరే, కిడ్నీలు పోయినా బతికున్నాను. నీ సేతిలో పోతే నలుగురూ నవ్వుతారు."

"ఇద్దరూ నోరు మూసుకుని రోడ్డు సూడండి" అని వెనక నుంచి మా తోడికోడలు కసిరింది.

మెకానిక్ చక్రం విప్పి చూశాడు. చక్రం వేగాన్ని, బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏబీఎస్‌కు తెలిపే సెన్సారు దగ్గర ఒక పళ్ల రింగు ఉంటుందట. అది సముద్రపు గాలికి తుప్పు పట్టి పగిలింది. దాంతో చక్రం తిరుగుతున్నా బిగుసుకుపోయిందనుకుని ఏబీఎస్ బ్రేకు వదిలేస్తోంది.

"పార్టు వైజాగు నుంచి రావాల. అందాకా ఆ ఏబీఎస్ ఫ్యూజు పీకీమంటే పీకీస్తాను, మామూలు బ్రేకులు పన్సేస్తాయి. వానలో గట్టిగా తొక్కితే మాత్రం జారిపోతాది" అన్నాడు.

ముసురు పట్టిన రోజులు. అన్నను కూర్చోబెట్టుకుని అలా నడపలేనని మా ఆయన కారును షెడ్డులోనే వదిలారు. బావగారు బస్సులో వెళ్లడం మొదలుపెట్టారు. లేచి సీటిచ్చిన వాళ్ల కోసం, చేయి పట్టి దింపిన కండక్టరు కోసం నేను ప్రార్థన చేసేదాన్ని. పార్టు రాలేదు. ఆసుపత్రికి వెళ్లాల్సిన ఒక రోజున బంద్ అన్నారు. బస్సుల్లేవు, ఆటోవాళ్లు రామన్నారు. సాయంత్రానికి బావగారికి ఆయాసం ఎక్కువైంది. అంబులెన్సుకు ఫోను చేస్తే బండి ఖాళీ లేదన్నారు. తెల్లారాక మా ఆయన ఎవరినో బతిమాలి వ్యానులో తీసుకెళ్లారు. మిషను పెట్టేలోపే ఆయన వెళ్లిపోయారు.

ఫ్యూజు తీయించి నడిపి ఉంటే అన్న ఉండేవాడని మా ఆయన అంటారు. ఆ వానలో జారి ఉంటే ఏమయ్యేదో అని నేను మొదలుపెడితే లేచి వెళ్లిపోతారు. కారు బాగై వచ్చింది, అమ్మేశారు.

నేను బడికి వెళ్లలేదు. అక్షరాలూ ప్రార్థనా ఇంట్లో మా నాన్నే నేర్పారు. ప్రతిదానికీ దేవునికి వందనాలు చెప్పమన్నారు. చెబుతూనే ఉన్నాను, ఈ ఒక్కదాని దగ్గరే నోరు పెగలదు.

పోయినవారి కోసం ప్రార్థించడం మాలో లేదు. బావగారు ప్రభువు దగ్గర ఉన్నారు. అందుకని, ఇది చదివిన మీరు మోకరించినప్పుడు మా ఆయన్ని తలచుకోండి. ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు.